సైగల గ్రూపులో తుఫాను రోజు

మా గ్రూపులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఫోనులో నంబర్ల పక్కన పేర్లు ఉంటాయి గానీ వాటితో ఎవరికీ పని లేదు. ఒక్కొక్కరికి ఒక సైగ ఉంటుంది. గద్వాలలో జిరాక్స్ షాపు నడిపే పెద్దమనిషిది మీసం మెలేసే సైగ. ఆయన మీసం తీసేసి ఏళ్ళయింది, సైగ మాత్రం పోలేదు. మా నాన్నది మెడలో టేపు వేసుకునే సైగ. మా అమ్మ స్నేహితురాలిది చెంపలో చూపుడువేలు పెట్టి తిప్పడం, అంటే సొట్టబుగ్గ. నాది బొటనవేలు చెవికీ చిటికెనవేలు నోటికీ పెట్టడం. ఫోను అన్నమాట. కన్నకూతురికి ఫోను అని పేరు పెట్టిన ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

అమ్మానాన్నలిద్దరికీ పుట్టుకతోనే వినపడదు. నాగర్‌కర్నూల్‌లో బస్టాండు వెనక సందులో నాన్న బట్టలు కుడతాడు, అమ్మ పక్కన కూర్చుని హుక్కులూ ఫాల్సూ కుడుతుంది. ఊళ్ళో అది మూగోళ్ళ దుకాణం. నాకు రెండు చెవులూ భేషుగ్గా వినపడతాయి కాబట్టి ఊహ తెలిసినప్పటి నుంచి బ్యాంకులో, దవాఖానలో, కరెంటాఫీసులో నేనే వాళ్ళ నోరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెత ఎవరైనా నా ముందు వాడితే ఇప్పటికీ కొట్లాటే. నేను పనిచేసే వనపర్తి బళ్ళో ఒక సారు వాడాడు. తర్వాత పాపం, నేనొస్తే స్టాఫ్‌రూములో మాట మార్చేవాడు.

గ్రూపులో రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళున్నారు. అందరూ వినపడని వాళ్ళే, నేనొక్కదాన్నే వేరు. రాతలు తక్కువ, అంతా వీడియోలే. ఎవరైనా వినపడే మనుషులతో మాట్లాడాల్సి వస్తే నా సైగ చేస్తారు, నేను ఫోన్ తీస్తాను. చేతుల మాటకు తెలుగు యాస ఉండదు. కానీ ఎవరేం చెప్పినా నా లోపల పాలమూరు మాటలాగే పడుతుంది, అందుకే ఇక్కడ అట్లాగే రాస్తున్నాను.

సొట్టబుగ్గ పిన్ని, అమ్మ చిన్నప్పుడు పట్నంలో హాస్టల్ బళ్ళో ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళు. పెళ్ళిళ్ళయి ఈమె ఇటు, ఆమె కోనసీమ వైపు సముద్రం దగ్గరి పల్లెకు. ఉత్తరం రాసుకునేంత చదువు ఇద్దరికీ రాలేదు. చూపించే ఫోన్లు వచ్చాకే మళ్ళీ దొరికారు. ఇక చూడాలి, రోజూ సాయంత్రం కుట్టుమిషనుకు ఫోను ఆనించి ముచ్చట్లు. బాబాయి వచ్చి పిన్ని వెనక నుంచి వెక్కిరిస్తూ ఉంటాడు. ఆయనకూ వినపడదు. పిల్లల్లేరు.

తుఫాను వస్తోందని గ్రూపులో రెండు రోజుల ముందు నుంచే వీడియోలు. తీరం వైపు వాళ్ళు ఎక్కువ మంది ముందే చుట్టాలిళ్ళకు వెళ్ళిపోయారు. పిన్ని వాళ్ళది గట్టి ఇల్లే, వాళ్ళ వైపు రాదన్నారు, అందుకని కదల్లేదు. ఆ రోజు తెల్లారేసరికి అది దారి మార్చుకుంది.

మాకిక్కడ తుఫాను అంటే ముసురు, అంతే. బడికి సెలవిచ్చారు, నేను ఇంట్లోనే ఉన్నాను. పక్కింటామె పత్తి చేను మీద బెంగతో వాకిట్లోకి వచ్చింది. "జర ఫోన్ల జూడు బిడ్డా, ఈ ముసురు ఎప్పుడు పోతది? పత్తంతా నల్లగైతున్నది" అంది. ఆమె బాధ ఆమెది. కానీ అప్పటికే పిన్ని ఫోను ఎత్తడం లేదు, నాకు ఒళ్ళు మండిపోతోంది. "నాకు తెల్వదు, పెద్దమ్మా" అని తలుపు వేసేశాను.

మధ్యాహ్నం దాటాక పిన్ని నుంచి ఫోను వచ్చింది. మొదట ఏమీ కనపడలేదు. అక్కడ కరెంటు పోయింది, కిటికీలు మూశారు, పట్టపగలే ఇల్లంతా చీకటి. తర్వాత బాబాయి టార్చి వేసి ఆమె చేతుల మీద పట్టుకున్నాడు. మొహం లేదు, గొంతు లేదు, ఆ వెలుగులో రెండు చేతులే.

"గడపల దాంక నీళ్ళొచ్చినయి. గల్లీల ఒక్క మనిషి లేడు. అందరు యాడికి పోయిండ్రో తెల్వది."

"పొద్దుగాల ఎవ్వరు జెప్పలేదా?" అని అమ్మ అడిగింది.

"ఆటో ఒకటి తిరిగింది. మీద మైకు ఉన్నది. ఓట్లోళ్ళు అనుకున్న."

ఊరు ఖాళీ చేయమని ఆ మైకులో చెప్పారు. ఎప్పుడూ ఇంట్లోకి వచ్చి చేతులూపి చెప్పే పిన్ని వాళ్ళ పక్కింటావిడ ఆ వారం కూతురి ఊరికి వెళ్ళింది. వీధి వీధంతా కదిలిపోతుంటే వీళ్ళిద్దరూ వెనక గదిలో బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కిస్తున్నారు.

బాబాయి చేతిలోని టార్చి వాళ్ళ రెండో ఫోనుదే. రెండింటిలోనూ చార్జింగు అడుగంటింది. మాట్లాడాలంటే వెలుగు కావాలి, వెలుగుంటే చార్జింగు పోతుంది. చీకట్లో మేం గుసగుసలాడుకుంటాం, వాళ్ళకు ఆ భాగ్యం లేదు. పిన్ని చేతులు ఇంకా ఏదో చెప్పబోయాయి. అమ్మ ఆపేసింది. "మాట్లాడకు. బంద్ జెయ్. మేం మనుషుల్ని పంపిస్తం" అని చెప్పి తనే ఫోను పెట్టేసింది. పెట్టేసి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

గద్వాల మీసం పెద్దమనిషి అప్పటికే గ్రూపును మూయించాడు. కబురుంటే తప్ప ఎవరూ ఏమీ పంపొద్దు, పిన్ని ఫోను మీద బరువు పడొద్దు అని. టీవీలో వచ్చిన కంట్రోల్ రూము నంబరు నాకు పంపాడు. చేశాను. చాలాసేపటికి ఎత్తారు.

"ఎక్కడి నుంచండీ?"

"నాగర్‌కర్నూల్."

"అక్కడ తుఫాను లేదు కదండీ."

"తుఫాను మాకు కాదు సార్. మీ తాన మావాళ్ళున్నరు, మొగుడు పెండ్లాం. ఇద్దరికీ చెవులు వినపడవు. ఇంట్లకు నీళ్ళొస్తున్నయి."

"సరేనండీ, ఒకసారి వాళ్ళనే ఈ నంబరుకి చేయమనండి."

"వినపడదన్న గద సార్. మాటలు గూడ రావు. ఎట్ల జేస్తరు?"

"అయితే వాళ్ళ నంబరివ్వండి, మేమే మాట్లాడతాం."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఎదురుగా అమ్మ నా పెదాల వంకే చూస్తోంది, కాబట్టి తిట్టలేదు. ఊరి పేరు, ఇంటి గుర్తులు, గేటు పక్క కొబ్బరిచెట్టు, అన్నీ చెప్పాను. వినపడదన్న మాట మూడుసార్లు చెప్పాను. మనిషిని పంపుతామన్నారు.

ఆ తర్వాత కాలం కదల్లేదు. నాన్న మిషను మీద కూర్చుని గుడ్డ లేకుండానే చక్రం తిప్పుతున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నా ఫోను వైపే చూస్తోంది. నేను అటూ ఇటూ నడుస్తూ సముద్రాన్నీ, మైకు ఆటోనూ, బియ్యం బస్తాలనూ అన్నింటినీ కలిపి తిట్టుకున్నాను. పిన్ని నాకు మేనత్తా కాదు, మేనమామ భార్యా కాదు. కానీ నాకు జ్వరం వస్తే ఫోనులోంచి నుదురు తడిమే సైగ చేసే మనిషి ఆమె ఒక్కతే. ఆమెకేమైనా అయితే అమ్మ ఏమైపోతుందో అన్నదే నా భయం.

పొద్దు వాలుతుండగా కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. పంచాయతీ మనిషినన్నాడు. వెనక గాలి హోరు, ఆయాసపడుతున్నాడు.

"మేడమ్, మీరు చెప్పిన ఇంటికి వెళ్ళామండీ. ఎవరూ లేరు. తలుపు గట్టిగా కొట్టాం, చాలాసేపు పిలిచాం, పలకలేదు. వీధంతా ఖాళీ. వాళ్ళూ బయల్దేరి వెళ్ళిపోయుంటారు. మీరు కంగారు పడకండి."

అమ్మయ్య అనుకున్నాను. ఆయనకు పుణ్యముంటుందని చెప్పి ఫోను పెట్టేసి, గ్రూపుకు చెబుదామని నాన్న చేతికి ఫోనిచ్చి వీడియో తీయమన్నాను. పోయారు, ఇంట్లో లేరు, భయం లేదు అని చేతులతో చెప్పాను. నాన్న మొహం విచ్చుకుంది. అమ్మ మాత్రం వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"లేరని ఎట్ల తెలుసు?"

"పోయి చూసిండ్రు. తలుపు..."

కొట్టడం అనే సైగకు పిడికిలి బిగించి గాల్లో రెండుసార్లు తట్టాలి. ఒకసారి తట్టాను. రెండోసారి చెయ్యి లేవలేదు. గాల్లో నా పిడికిలి అట్లాగే ఉండిపోయింది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

సరిగ్గా అప్పుడే గ్రూపులో వీడియో వచ్చింది. పిన్ని వాళ్ళ మండలంలో వడ్రంగి పనిచేసే మావాడొకడు, ఎవరూ చెప్పకుండానే తడుస్తూ వెళ్ళి, ఊళ్ళవాళ్ళను ఉంచిన బడంతా తిరిగాడు. ఒక్కొక్క గది చూపిస్తూ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. ఇక్కడ లేరు. ఇక్కడా లేరు.

ఆ పంచాయతీ నంబరుకు చేస్తే ఎత్తడు, మళ్ళీ చేస్తే బిజీ. ఎన్నిసార్లు చేశానో. చివరికి ఎత్తాడు.

"వాళ్ళు ఇంట్లనే ఉన్నరు సార్. వాళ్ళకు వినపడదు. మీరు రాత్రంతా తలుపు కొట్టినా వినపడదు."

"చెవులు వినపడవా? ఆ మాట మాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. అబద్ధం చెప్పే గొంతు కాదు. నేను మూడుసార్లు చెప్పిన మాట ఆ ఆఫీసుకూ ఆయనకూ మధ్య ఎక్కడో జారిపోయింది. "ఇప్పుడు దారిలో చెట్లు పడుతున్నాయండీ. మళ్ళీ వెళ్ళడం కష్టం."

"అన్నా" అన్నాను, సారు పోయి అన్న వచ్చాడు. "నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి పో."

"వెళ్ళినా ఏం చేయాలండీ, పిలిస్తే వినపడదు కదా" అన్నాడు. అది అమ్మకు చేతులతో చెప్పాను. అమ్మ చకచకా చెప్పింది, నేను వెనకే పలికాను. తలుపు మీద వెంటిలేటర్ ఉంటుంది, అందులోంచి టార్చి వేయాలి. ఎదురుగోడ మీద వెలుగు పడాలి. గబగబా ఊపితే మెరుపు అనుకుంటారు, మెల్లగా గుండ్రంగా తిప్పాలి. మెరుపు గుండ్రంగా తిరగదు. కనపడకపోతే తలుపు విరగ్గొట్టాలి.

"ఎవరింటి తలుపో ఎట్టా విరగ్గొడతానండీ?"

"మా పిన్ని ఇల్లు అది. నేను జెప్తున్న, విరగ్గొట్టు."

చీకటి పడ్డాక మళ్ళీ ఫోను వచ్చింది. దొరికారు అన్నాడు. తలుపు విరగ్గొట్టాల్సిన పని పడలేదు, వెలుగు తిప్పగానే లోపలివాళ్ళే తీశారు. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. ఇద్దరినీ బడికి చేర్చాడు. వాళ్ళు వచ్చేశాక ఆ ఇంటి వెనక గోడ కూలింది. నేను ఏడుస్తూ చెప్తుంటే అమ్మ నా చేతులతో రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది.

తర్వాత గ్రూపు తెరుచుకుంది, వరదలా వచ్చాయి వీడియోలు. మీసం పెద్దమనిషి గద్వాలలో బట్టలూ దుప్పట్లూ పోగుచేసి మూట కట్టాడు. వడ్రంగి మావాడు ఇంటికి పోకుండా బళ్ళోనే ఉండిపోయాడు. అన్నం పెడుతున్నారని మైకులో చెబితే వీళ్ళకు తెలియదు కదా, జనం లేచినప్పుడు వీళ్ళనూ లేపడానికి. వాడికీ వినపడదు. ఇద్దరి కళ్ళ కన్నా ముగ్గురి కళ్ళు నయమన్నాడు.

నీళ్ళు తీశాక పిన్ని పెద్ద వీడియో పంపింది. బడి వరండాలో, ఎవరో ఇచ్చిన చీరలో కూర్చుని చెబుతోంది. సొట్ట పడలేదు.

"వాళ్ళు ఫస్టు వచ్చినప్పుడు గూడ నాకు తెలిసింది. తలుపు ఊగింది. గడియ ఎగిరెగిరి పడుతుంటే చూసిన. కానీ పొద్దటి సంది గాలికి తలుపు ఊగుతనే ఉన్నది గద. అందుల ఏది గాలో, ఏది మనిషో నాకెట్ల తెలుస్తది? తలుపు ఊడిపోతదని ఇద్దరం దానికి వీపులు ఆనించి నిలవడ్డం. వాళ్ళు కొట్టిన ప్రతి దెబ్బ నా వీపుకు తగిలింది. అది ఎంత గట్టిగ కొడితే మేం అంత గట్టిగ నూకినం."

అమ్మ ఆ వీడియో మళ్ళీ చూడలేదు. ఫోను బోర్లా పెట్టి, చాలాసేపు హుక్కులు కుట్టింది. తర్వాత సూది గుచ్చి పక్కన పెట్టి, నా వైపు వేలు చూపించింది.

"మీవాళ్ళు తలుపు కొట్టి పోతరు."

మీవాళ్ళు. పుట్టినప్పటి నుంచి వాళ్ళ నోరై బతికాను, గ్రూపులో అందరినీ మావాళ్ళు అంటాను. నాకు చాలా కోపం వచ్చింది. నేనా, నేనెవరనుకున్నావు, ఆ రోజు ఎవరు కొట్లాడారు అని చేతులెత్తాను కూడా. ఎత్తిన చేతులు దించేశాను. ఆమె అన్నది నిజమే. తలుపు కొట్టాం, పలకలేదు అని అతను చెప్పినప్పుడు నేనూ నమ్మాను.