గుట్టలా కనిపించిన గని

డ్రైవర్లు రాయడం నా పని అంటే కల్వకుర్తిలో మా పక్కింటివాళ్లకు లారీలే గుర్తొచ్చేవి. తెర మీద బొమ్మ గీసే కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే ప్రోగ్రామే డ్రైవర్ అని చెప్పి చెప్పి ఊరుకున్నాను. అంతకుముందు హైదరాబాద్‌లో అలాంటి కార్డులు చేసే చిన్న కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇద్దరు అన్నదమ్ములు దాన్ని నడిపేవారు. నాకు పని నేర్పింది తమ్ముడు. ఆయన గుండెపోటుతో పోయాక అన్న కంపెనీ మూసేసి, జడ్చర్లలో అట్టపెట్టెల యూనిట్ పెట్టుకున్నారు. నేను ఊరికి వచ్చి ఇంటినుంచే పనిచేయడం మొదలుపెట్టాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి గనిలో సర్వే చేసే ఒకామె ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసులో మా కార్డులున్న పాత వర్క్‌స్టేషన్లు ఇంకా నడుస్తున్నాయట. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని ఆ తెర చూస్తే గని మెట్లూ లోతూ నిజంగా ఎదుట ఉన్నట్టే కనిపిస్తాయి. కొత్త కార్డులు ఆ తెరతో కలవవు. భద్రత కోసమని కొత్త ఆపరేటింగ్ సిస్టం వేయగానే తెర నల్లబడిపోయింది.

"అక్కా, మీరైతే ఏమన్న చేస్తరని అడుగుతున్న" అంది.

చేయగలను. కానీ ఆ డ్రైవర్ కోడ్ మీద హక్కు కంపెనీ నడిపిన అన్నగారిది. పైగా సిస్టం మారినప్పుడల్లా నేనొక్కదాన్నే సరిచేస్తూ ఎన్నాళ్లు ఉండగలను? ఎవరైనా చదివి సరిదిద్దుకునేలా కోడ్‌ను అందరికీ తెరిచేస్తేనే ఆ కార్డులు బతుకుతాయి. ఈ ఆలోచన వచ్చాక కూర్చోలేకపోయాను. వంటింట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి మేడ మీదికీ ఊరికే తిరిగాను. తెల్లారి జడ్చర్ల బస్సెక్కాను.

అన్నగారు చాయ్ తెప్పించి అంతా విన్నారు.

"గది మా తమ్ముడు రాసింది బిడ్డా. బయట పెడితే తలా ఒక చెయ్యేసి మారుస్తరు. ఆఖరుకు వాడు రాసింది ఏం మిగుల్తది?"

"మార్చకపోతే నడవది సార్" అన్నాను.

ఆలోచించి ఫోన్ చేస్తానని ఆయన నన్ను పంపేశారు. ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా ఆయనేనేమో అని పరుగెత్తేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే చేశారు. తమ్ముడి కంప్యూటర్ తెరిచి ఆ కోడ్ చదవబోయారట. "నాకు సమజ్ కాలే. సమజ్ అయినోళ్ల దగ్గర ఉండనియ్" అన్నారు.

అందులో వేరే కంపెనీ మాకిచ్చిన భాగం కొంత ఉంది. దాన్ని బయటపెట్టే హక్కు మాకు లేదు కాబట్టి తీసేసి సొంతంగా మళ్లీ రాశాను. మిగతాదాన్ని కొత్త సిస్టంకు తగ్గట్టు మార్చి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టాను. ఎవరైనా చూశారా అని మాటిమాటికీ వెళ్లి చూస్తుంటే పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఎవరూ చూడలేదు.

కానీ మేళ్లచెరువులో తెర వెలిగింది. సంతోషించేలోపే ఆమె మళ్లీ ఫోన్ చేసింది. "అక్కా, బొమ్మయితే వచ్చింది గానీ మా గని గుట్టయి కూసుంది."

ఎడమ కంటికి వెళ్లాల్సిన బొమ్మ కుడి కంటికి వెళితే లోతు ఎత్తులా కనిపిస్తుంది. ఎంత వెతికినా తప్పెక్కడుందో నాకు చిక్కలేదు. ఈలోగా ఏదో చలిదేశపు ప్రయోగశాలలో మా కార్డు వాడుతున్న ముక్కూమొహం తెలియని ఒకాయన దిద్దుబాటు పంపాడు. వేసి చూస్తే సరిపోయింది. కానీ ఏ కంటికి ఏ బొమ్మ పంపాలో చెప్పే భాగం, తమ్ముడుగారు రాసినదాన్ని, ఆయన పూర్తిగా తీసేశాడు. కొత్త సిస్టంకు అదే సరైన పద్ధతి. అయినా ఒప్పుకుంటూ మీట నొక్కడానికి నాకు చేయి రాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ జడ్చర్ల వెళ్లాను.

పోబోయే వరుసలు తెర మీద ఎర్రగా ఉన్నాయి. అన్నగారు వాటి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ వెళ్లి ఒకచోట ఆగారు. అక్కడ తమ్ముడుగారు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పెట్టుకున్నారు: జర పైలం, ఇక్కడ ముట్టుకుంటే అంతా ఖరాబైతది. అన్నగారు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఉంచితే నడవదా?"

"నడవది సార్. తీసేసినా పాతది ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా తెరిచి చూసుకోవచ్చు. పైన ఆయన పేరు గట్లనే ఉంటది."

"అయితే తీసెయ్ మరి" అని ఆయన లేచి మిషన్ దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన బల్ల మీదే మీట నొక్కాను.

తర్వాత మేళ్లచెరువు వెళ్లాను. ఆమె నాకు కళ్లద్దాలు పెట్టింది. గని ఒక్కసారిగా కాళ్ల కిందికి దిగిపోయింది. తెలియకుండానే బల్ల అంచు పట్టుకున్నాను. ఆమె నవ్వి, మర్నాడు రాయి పేల్చాల్సిన చోటు గుర్తుపెట్టడంలో పడిపోయింది.

తిరిగి వస్తూ మిర్యాలగూడలో బస్సు మారుతుంటే ఫోన్‌కు సందేశం వచ్చింది. మా డ్రైవర్ వాడుతున్న ఇంకెవరికో రెండో తెర వెలగడం లేదట. సీటు దొరికినా కుదురుగా కూర్చోలేదు. దేవరకొండ దాటేదాకా అదెందుకు వెలగడం లేదో ఆలోచిస్తూనే ఉన్నాను.