ఒక్కరోజు వానలు

మా చెల్లెలి కూతురు పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆత్మకూరు నుంచి మా బావ ఫోన్ చేసి, "అమ్మాయి లేదు బావా" అన్నాడు. మూడు రోజుల జ్వరం. అంతే.

ఆమె ఆత్మకూరులో కంప్యూటరు పాఠాలు చెప్పే మేడం. నేను ఉదయగిరి పక్క మెట్ట సేద్యం చేసేవాణ్ణి, అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఏ వాన ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది అని ఒక నోటు పుస్తకంలో రెండు వరుసలు రాసుకునేవాణ్ణి. ఎవరికీ చూపలేదు. వాళ్లమ్మతో సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు ఆమే పట్టుకుంది. "ఏంది మామా, ఇన్నేళ్ల వానలు ఈడ దాచిపెట్టినావా?" అంది.

ఆ రెండు వరుసల నుంచి వాన పడిన రోజులన్నీ కంప్యూటరుతో ఒకే వరుసగా తీయించాలని కూర్చుంది. విత్తనం వేసే రైతులకు చూపాలంది. నాకు అర్థం కావాలని వసారాలో గళ్లబండల మీద నడిచింది.

"మూడు నుంచి అయిదు దాకా ఒక వాన. మూడు, నాలుగు, అయిదు. తర్వాతది తొమ్మిదిన. అంటే నాలుగు గళ్లు ఒకేసారి దూకాల. వాన లోపల ఒక్కో అడుగు, వాన మారితే దూకుడు. అడుగులు కూడుకుంటా పోతే తేదీలు అయ్యే వస్తాయి మామా!"

కుచ్చిళ్లు పట్టుకొని దూకింది.

"కాలిరిగితే పాఠాలు ఎవురు చెప్తారే?" అని మా చెల్లెలు లోపలి నుంచి అరిచింది.

వారానికి కాగితం తెచ్చింది. కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. ప్రతి వానకూ ఆఖరు రోజు లేదు. మొదలైన రోజే ఆగిన వానలైతే అసలే లేవు. మా మెట్టలో ఎక్కువ అవే.

"సరిపోయినాయా మామా?" అంది.

చదువుకున్న పిల్ల, పైన కంప్యూటరు. ఒక్కరోజు వానను వాళ్లు లెక్కలోకి తీసుకోరేమో అనుకున్నాను. తల ఊపాను.

ఆ కాగితమే రైతుల ముందు పెట్టింది. మర్రిపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఒక్కరోజు వాన ఒకటన్నా లేదేంది మేడం? మేం బతికేది దాని మీదనే గదా" అన్నాడంట. అందరూ నవ్వారంట. ఆమె అక్కడే సరిచేసి, నాకు ఫోన్ చేసింది.

"తప్పు నాది మామా. కంప్యూటరు నడవమంటే నడుస్తది గానీ, ఎక్కడ ఆగాలో మనమే చెప్పాల దానికి. ఆఖరు రోజును కలపడం మర్చిపోయినా. నీ వానలన్నీ తిరిగొచ్చినాయిలే."

తప్పంతా తన మీదే వేసుకుంది. నేను ముందే చూశానని ఆమెకు తెలియదు.

ఆ మాట చెప్పాలనే రెండుసార్లు ఆత్మకూరు బస్సెక్కాను. ఆమె టీ తెచ్చుకొని పక్కన కూర్చునేది. అది చల్లారిందాకా తన దగ్గర చదివే పిల్లల కబుర్లే. చల్లారినాకనే తాగేది. వింటూ కూర్చొని, వచ్చేశాను.

మంగళవారం ఆమెను అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. జనం కాస్త పక్కకు తప్పుకున్నప్పుడు వంగి, "నేను ఆ రోజే చూసినా తల్లీ. చెప్పలేకపోయినా" అన్నాను.

నా ఊపిరికి అద్దం మసకబారింది. తువ్వాలుతో తుడిచాను. ముఖం కనిపించింది. మళ్లీ మసకబారింది.