మా ట్రాక్టరు మంద

చీటీ కట్టి నంబరు వేస్తే ఈ లోకంలో ఏ వస్తువూ తప్పిపోదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. హైదరాబాదులో మూడేళ్ళు మెకానికల్ డిప్లొమా చదివి, యాలాల్ పక్కనున్న మా ఊరికి తిరిగి వచ్చాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయిన ఆ యేడు ఎండాకాలంలో పోయాడు. ఇంట్లో మిగిలింది చిన్నాయిన, చిన్నమ్మ, తాత, కొట్టంలో కదలకుండా నిలబడ్డ ఒక ట్రాక్టరు. తెల్లారితే చిన్నాయిన చేనికి, చిన్నమ్మ పొయ్యి దగ్గరికి, తాత అరుగు మీదికి. చదువుకొని వచ్చినవాడితో ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియదు, చదువు గురించి తప్ప ఇంకేం మాట్లాడాలో నాకు తెలియదు. అందుకని నా నోట్‌బుక్కు చివరి పేజీల్లో ఒక జాబితా మొదలుపెట్టాను, ఏ రోజు నాతో ఎవరు ఏం మాట్లాడారో. (నవ్వకండి. మూడేళ్ళు ప్రతిదానికీ జాబితా రాయించిన చదువు అది.) ఒక సోమవారం కింద ఇలా ఉంది: ఒకటి, ‘అన్నం తిన్నవా?’, చిన్నమ్మ. రెండు, ‘జర పక్కకు జరుగు’, చిన్నమ్మ. మొత్తం రెండు.

ఆ ట్రాక్టరును నాయిన ఎనిమిదేళ్ళ కిందట తాత గొర్రెల మందను అమ్మి కొన్నాడు. అప్పటికే అది ఇంకెవరి దగ్గరో వయసంతా అరగదీసుకొని వచ్చింది. మా దగ్గర ఆరేళ్ళు దున్ని, నల్లటి పొగ వదిలి, ఒకరోజు చేను మధ్యలో ఆగిపోయింది. మంద పోయిన రోజు నుంచి తాత కొట్టం వైపు చూడలేదు. బావికి పోవాలన్నా ఇల్లంతా చుట్టి పోయేవాడు. చిన్నాయినకు దాని మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. “దీపావళి దాక సూస్త. గప్పటికి కూత వెట్టకుంటే తాండూరు కబాడాయన బండి తెచ్చి తుక్కు కింద తీస్కపోతడు” అన్నాడొక రోజు. నేను ఆ మాటను కూడా జాబితాలో రాసుకొని, ట్రాక్టరు దగ్గరికి పోయి నిలబడ్డాను. నాయిన చెయ్యి పట్టి పట్టి స్టీరింగు మీద రంగు రెండు చోట్ల పూర్తిగా పోయి ఉంది. దీన్ని కూడా తీసుకుపోతే ఈ ఇంట్లో నాతో పనిబడ్డ వస్తువు ఒక్కటి కూడా ఉండదని అనిపించింది.

మరుసటి రోజే ఇంజను విప్పాను. వాకిట్లో పరిచిన తాండూరు బండల మీద ముక్కలన్నీ వరుసగా పేర్చాను. మొత్తం నూట నలభై మూడు. ప్రతిదానికీ దారంతో చీటీ, చీటీ మీద నంబరు, నంబరుకు నోట్‌బుక్కులో వివరం. వీటిలో అందరికంటే మర్యాదస్తులు, పిస్టన్లను కింది ఇరుసుకు కలిపే నాలుగు కనెక్టింగ్ రాడ్లు. ఒక్కో రాడ్డు కింద రెండు బోల్టులతో బిగించే ఒక ఇనుప టోపీ ఉంటుంది. ఏ టోపీ ఆ రాడ్డుకే. చూడటానికి నాలుగూ ఒకటే, కానీ ఒకదాని టోపీ ఇంకొకదానికి పెడితే ఇంజను బిగుసుకొని మొండికేస్తుంది. కంపెనీవాళ్ళు వాటి మీద నంబర్లు కొట్టే ఉంటారు, కానీ మాకంటే ముందు దాన్ని బాగుచేసిన ఎవరో పుణ్యాత్ముడు వాటిని ఆకురాయితో నున్నగా రాకేశాడు. అయినా నాకేం భయం, చీటీలున్నాయి కదా! ఊళ్ళో నాకు ‘చీటీల సారు’ అని పేరు కూడా పడింది. కొత్త పిస్టన్ రింగుల కోసం పాసింజరు ఎక్కి వికారాబాదు పోయాను. అక్కడి దుకాణంవాడు ఈరోజు, రేపు అని రెండు రోజులు తిప్పి, దసరా నాటి పొద్దున రింగులు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి వాకిట్లో అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. నా ఇంజను ధగధగలాడుతోంది. నూట నలభై మూడు ముక్కలూ కడిగి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. బోల్టులన్నీ ఒక పళ్ళెంలో, స్ప్రింగులన్నీ ఒక పళ్ళెంలో, నాలుగు రాడ్లు గోడకు చేరగిలబడి, నాలుగు టోపీలు దీపం ముందు చక్కగా వరుసలో, ఒక్కొక్కదాని మీద ఒక్కో బంతిపువ్వు. నాగలికీ, గొడ్డలికీ, కొడవలికీ ఆయుధపూజ చేసేవాళ్ళు ఇంజనుకు మాత్రం ఎందుకు తక్కువ చేస్తారు?

“చీటీలేవి చిన్నమ్మా?” అన్నాను.

“గా మురికి కాయితాలా? పొయిల ఏసిన. పండుగ పూట గవెందుకు?” అంది చిన్నమ్మ. తర్వాత కొంచెం గర్వంగా, “మామ ఒక్కొక్కటి కడిగిచ్చిండు. నేను బొట్లు వెట్టి సదిరిన” అంది.

తాత కడగడమేమిటని అడగాలని కూడా నాకు తోచలేదు. అరుగు మీద తాత మా మాటలు వినపడనట్టు తలపాగా చుట్టుకుంటున్నాడు.

మిగతా ముక్కలను పుస్తకం చూసుకుంటూ గుర్తుపట్టగలిగాను. టోపీల దగ్గర ఆగిపోయాను. సరే, లెక్క ఉంది కదా అనుకున్నాను. నాలుగు టోపీలను నాలుగు రాడ్లకు ఇరవై నాలుగు విధాలుగా పెట్టవచ్చు. రోజుకు రెండు విధాల చొప్పున పన్నెండు రోజులు, దీపావళికి ఇంకా ఇరవై ఉన్నాయి. (ఒక్కో రాడ్డును విడిగా బిగించి చూసుకుంటే ఇంకా త్వరగా తేలిపోయేదని తర్వాత ఎన్నో ఏళ్ళకు తట్టింది. అప్పుడు నాకు డిప్లొమా కొత్త.) నోట్‌బుక్కులో ఇరవై నాలుగు గళ్ళు గీసి, ముక్కలన్నీ కొట్టంలోకి చేర్చి పని మొదలుపెట్టాను. బిగించడం, హాండిలు తిప్పడం, అది కదలకపోవడం, గడిలో అడ్డంగా గీత కొట్టడం. చిన్నాయిన పోతూ పోతూ “కాలేదా?” అనేవాడు. అది ఆ రోజు జాబితాలో ఒకటి. ఎనిమిదో రోజున, చేతులు కడుక్కుంటుండగా ఒక సంగతి గుర్తొచ్చింది. ఒక్కో టోపీని తిరగేసి కూడా పెట్టవచ్చు! మళ్ళీ లెక్క వేశాను. మూడు వందల ఎనభై నాలుగు విధాలు. నూట తొంభై రెండు రోజులు. పెన్సిలు కింద పెట్టి, నూనె ఇంకా వదలని చేతులతోనే తల పట్టుకొని కూర్చున్నాను. చుట్టూ అంత ఎండ, ఇంట్లో అంతమంది, నా బాధ చెబితే అర్థమయ్యే మనిషి మాత్రం హైదరాబాదు దాకా లేడు.

తొమ్మిదో రోజు పొద్దున చేతికర్ర చప్పుడు వినిపించింది. తాత వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

“పిలగా, కుంటిదాని పిల్లను తీస్కపోయి బొల్లిదాని కింద ఇడిసినవ్. తన్నదా మరి?”

నేను చుట్టూ చూశాను. దరిదాపుల్లో గొర్రె లేదు. “ఏ కుంటిది తాతా?”

“గదేరా!” అని కర్రతో ఒక రాడ్డును చూపించాడు. వంగి, ఒక టోపీ తీసి దాని పక్కన పెట్టాడు. “గిది దీని పిల్ల. తల్లి కాలుకు గాటు ఉన్నదా? గా గాటు పిల్ల చెవు మీదికి వచ్చిందా? కడిగినప్పుడే సూసిన.”

చూశాను. రాడ్డు అంచున వెంట్రుకంత గీత. టోపీ అంచున ఆ గీతకు మిగతా సగం. రెండూ కలిపితే ఒకటే గీత, ఏ వైపు పెట్టాలో కూడా అదే చెబుతోంది. తాత వరుసగా మిగతావి తీసి, తల్లి గుర్తును పిల్ల మీద చూపిస్తూ జత కలిపాడు. మూతి మీద తెల్లటి మచ్చ ఉన్నది బొల్లిది. నల్లగా కమిలింది కర్రిది. అంచు వంగింది వంకరది. సాయంత్రం మంద ఇంటికి రాగానే దొడ్డిలోని పిల్లల్లో ఏ తల్లి దగ్గరికి ఆ తల్లి పిల్లను విడవడం యాభై ఏళ్ళు చేసిన మనిషి. రెండు వందల పిల్లల్లో తప్పు చేయనివాడికి నాలుగు ఒక లెక్కా?

“మరి ఇన్ని దినాలు చెప్పలేదేంది తాతా?”

“నువ్వడిగినవా?”

తాత పక్కనున్న బండ మీద కూర్చున్నాడు. “గీ ట్రాక్టరు దిక్కు సూడొద్దనుకున్న. మీ నాయిన మంద అమ్మిన నాడే అనుకున్న. నువ్వు ఊరికి పోయినంక వాకిట్ల అన్నీ చెల్లాచెదరుగ పడున్నయి, కాపలా ఉన్నోడు లేడు. పాణం ఆగలేదు” అన్నాడు. తర్వాత నాయిన గురించి మాట్లాడాడు. గొర్రెల గురించి మాట్లాడాడు. పిల్లను ఒప్పని తల్లి నాకేలా పిల్ల ఒంటికి ఉప్పు రాసే పద్ధతి గురించి చెప్పాడు. నేను బోల్టులు బిగిస్తూ విన్నాను. హాండిలు ఒంటిచేత్తో తిరిగింది.

దీపావళికి రెండు రోజుల ముందు ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది. కోళ్ళన్నీ ఇంటి కప్పెక్కాయి. చిన్నాయిన చేను నుంచి పరుగెత్తుకొచ్చి, “కబాడాయనకు వద్దని చెప్త తియ్!” అని అరిచాడు. నేను గేరు వేసి ట్రాక్టరును వాకిలి దాటించేసరికి తాత గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని దాని ముందు నడవడం మొదలుపెట్టాడు. నాలుక మడిచి ‘హుర్ర్ర్’ అంటూ అప్పుడప్పుడు వెనక్కి చూస్తూ, చేను దాకా అలాగే. నా దగ్గర ఇంకా మూడు గేర్లున్నాయని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. రాడ్ల పేజీలో నంబర్ల పక్కన బొల్లిది, కర్రిది, వంకరది, కుంటిది అని శ్రద్ధగా రాసుకున్న ఆ కుర్రవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. చివరి పేజీల్లో తాత వచ్చిన రోజు దాకా ఒకటి, రెండు అంటూ జాబితా ఉంది. ఆ రోజు తేదీ మాత్రం వేసి, కింద రాయడం మరిచిపోయాను. ఆ తర్వాత ఇక రాయనేలేదు. ఎవరైనా ఆ పేజీ తిరగేస్తే ఆ రోజు నాతో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదనుకుంటారు.