సి బ్లాకు కాపలాను నేను సరిదిద్దిన తీరు

గల్ఫ్‌లో మా కంపెనీ క్యాంపు అల్ ఖోర్ పట్టణం దాటాక, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఆరు బ్లాకులు, బ్లాకుకు మూడంతస్తులు, గదికి ఆరుగురు. మెస్సు, లాండ్రీ, మంగలి షాపు, క్రికెట్ ఆడుకునే మట్టినేల కూడా ఉన్నాయి కాబట్టి దాన్ని ఊరనే అనుకోవచ్చు. ఊరన్నాక దొంగతనాలుంటాయి, దొంగతనాలున్నచోట పోలీసులుండాలి. మా ఊరికి పోలీసులంటే నీలం చొక్కాల సెక్యూరిటీ గార్డులు. ఆ సెక్యూరిటీ విభాగాన్ని మొత్తం మార్చి దొంగతనాలు తగ్గించే పని ఒకసారి నా మీద పడింది.

నేను కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ప్లానింగ్ ఇంజనీరుగా చేరినవాణ్ణి. గదుల్లోంచి ఫోన్లు వరసగా మాయమవుతున్నాయని క్యాంప్ మేనేజర్ నన్ను పిలిచాడు. సైటు పనులకు షెడ్యూళ్ళు వేస్తావు కదా, గార్డులకూ ఒకటి వెయ్యమన్నాడు. ఆయన అంతకుమించి ఆలోచించలేదు. నేను చాలా ఆలోచించాను. ఇప్పటికీ నాకు మంట పుట్టించేది అదే. ఏదో మొక్కుబడిగా చేసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

అప్పటి పద్ధతి ప్రకారం ఒక్కో బ్లాకుకు పగలు ఒక గార్డు, రాత్రి ఒక గార్డు. ఏళ్ల తరబడి అదే మనిషి, అదే బ్లాకు, మెట్ల కింద అదే ప్లాస్టిక్ కుర్చీ. వారం రోజులు తిరిగి పదకొండు లోపాలు రాసుకున్నాను. గార్డు గస్తీ తిరగడు. తిరిగినా రుజువుండదు. ఒకేచోట పాతుకుపోతే బ్లాకువాళ్ళతో చుట్టరికం కలుస్తుంది, చుట్టరికం కలిస్తే చూసీచూడనట్టు వదిలేస్తాడు. ఇలాంటివే మిగతావీ. అందుకని ప్రతి అంతస్తులో రెండు మూలల గోడలకు చిన్న ట్యాగులు బిగించాం. గార్డు గంటకోసారి వెళ్ళి చేతి మిషన్‌ను వాటికి తాకించాలి. ఒక్కటి తప్పినా ఆఫీసు కంప్యూటర్లో ఎర్రగా కనబడుతుంది. పదిహేను రోజులకోసారి గార్డులు బ్లాకులు మారాలి. మేనేజర్ సంతకం పెట్టేశాడు.

సి బ్లాకులో పగటి గార్డు నిర్మల్ వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి. బ్లాకంతా ఆయన్ని కాకా అని పిలుస్తుంది. తనిఖీకి వెళ్ళిన రోజు ఆయన కుర్చీ కింద పెద్ద బిస్కెట్ల డబ్బా ఒకటి కనబడింది. మూత తీస్తే లోపల తువ్వాలు పరిచి, దాని మీద వరసగా ఫోన్లు.

“ఇవెవరియి కాకా?”

“పోరగాండ్లయి సారూ. రాస్ లఫాన్ పోయెటోళ్ళయి. ప్లాంటు గేటుకాడ ఫోన్లు లోపటికి రానియ్యరు గద. బస్సెక్కేటప్పుడు నాకిచ్చి పోతరు, దిగినంక తీస్కుంటరు.”

“రిజిస్టరుందా?”

“రిజిస్టరెందుకు? ఎవనిది ఏదో నాకెర్క. గీ అద్దం పగిలింది మూడో నంబరు రూమోనిది. గీ ఎర్రదారం కట్టింది ఆదిలాబాద్ పిలగానిది.”

“పోతే ఎవరి జిమ్మేదారి?”

“ఎందుకు పోతయ్ సారూ? నేనున్న గద.”

ఆ జవాబు రాసుకోవడానికి నా ఫారంలో గడి లేదు. కార్మికుల వస్తువులను అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటున్నాడు, రసీదు లేదు, తాళం లేదు అని రాసి, ‘తీవ్రం’ అన్న గడిలో టిక్కు పెట్టాను. సాయంత్రం ఎవరి ఫోన్లు వాళ్ళకిప్పించి డబ్బా తీయించేశాను. ఆ టిక్కు హెచ్.ఆర్.కు వెళ్ళి దానంతటదే వార్నింగ్ లెటర్‌గా మారుతుందని నాకు తెలియదు. తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం నాదే.

ఇంకో సంగతి. అంతకుముందు ఫోన్లు అతి తక్కువగా పోయింది సి బ్లాకులోనే. నా పట్టికలో ఆ అంకె పక్కన కారణం కూడా రాశాను: మెయిన్ గేటుకు దగ్గర.

తర్వాతి నెల దొంగతనాల్లో సి బ్లాకు అన్ని బ్లాకులనూ దాటిపోయింది. గార్డులు మిషన్లు పట్టుకుని చక్కగా తిరుగుతున్నారు. కంప్యూటర్లో అంతా పచ్చగా ఉంది. ఫోన్లు పోతూనే ఉన్నాయి. ఒక శుక్రవారం పరంజాలు కట్టే పనివాడొకడు ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. జగిత్యాల వైపు యాస.

“ఎక్సెల్ సారంటే నువ్వేనా?”

నాకు ఆ పేరుందని అప్పుడే తెలిసింది. ఫోను పోయిందన్నాడు. ఫారమిచ్చి, ఫోను ఐఎంఈఐ నంబరు రాయమన్నాను.

“నంబరు ఎవనికెర్క? కాక దగ్గర పెడుతుంటిమి, పోకపోతుండె. నువ్వచ్చి ఆ డబ్బ గుంజుకున్నవ్. ఇప్పుడు నంబరడుగుతున్నవా? నువ్వు కుర్చీలకెల్లి లేపినందుకు కాక మిషన్‌తోని గోడలకు ముద్దులు పెట్టుకుంట ముంగట పోతాండు, దొంగోడు ఎన్కనుంచి వస్తాండు.”

పక్క బల్లమీది టైమ్‌కీపర్ నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు. మనిషి కూర్చున్నచోట నుంచి మెట్లు కనబడతాయి. ప్రతి గదికీ దారి ఆ మెట్లే. ఇంజనీరింగ్ చదివిన నాకు ఇది బొమ్మ గీయకుండానే తట్టాలి.

ఆ తర్వాతి వారం కాకాకు రెండో లెటర్ వచ్చింది. మార్పిడి ముందు రాత్రి గార్డులతో మొదలైంది కాబట్టి బ్లాకులు మారే వంతు ఇంకా ఆయనదాకా రాలేదు. నలుగురైదుగురు దొంగచాటుగా ఆయనకు మళ్ళీ ఫోన్లివ్వడం మొదలుపెట్టారట. వాటిని ప్యాంటు జేబుల్లో కుక్కుకుని, కుర్చీ వదలకుండా కూర్చుని, ట్యాగులు ఎగ్గొట్టాడు. రెండేళ్ళ కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుంది. రెండు లెటర్లున్నవాళ్ళకు పొడిగింపు ఉండదు.

“పంపిస్తరా సారూ నన్ను?” అని అడిగాడు. “మా ఊర్ల ఏమనుకుంటరో ఎర్కేనా? దుబాయిల పోలీసు నౌకరి చేస్తాండని చెప్పుకుంటరు. పోలీసును ఎవలన్న ఎల్లగొడ్తరా?”

హెచ్.ఆర్.కు వెళ్ళాను. అక్కడి అధికారిది కాకినాడ. మర్యాదస్తుడు.

“నా రిపోర్టులోని ఆ అంశం వాపసు తీసుకుంటాను” అన్నాను.

“వాపసు తీసుకోడం అనేది సిస్టంలో లేదండీ. క్లోజ్ చేయొచ్చు. క్లోజ్ చేయాలంటే ఏదో ఒక చర్య చూపించాలి.”

“చర్యగా బ్లాకుకో లాకరు పెట్టండి. ఆయన తాళం పెట్టుకుంటాడు.”

“లాకరు పెడితే అందులో పోయినదానికి కంపెనీ పూచీ అండీ. ఒప్పుకోరు.”

“అయితే నాదే తప్పని రాసిస్తాను.”

“అయ్యో, మీ మీద కంప్లయింటేం లేదు కదండీ ఇంజనీరు గారూ! పైవాళ్ళకు మీ పద్ధతి తెగ నచ్చింది. రెండో క్యాంపుకీ మీ చేతే చేయిస్తారంట.”

నాలుగుసార్లు తిరిగితే దొరికిందల్లా ఇది: చర్య అంటే బదిలీ. కాకాను ఇంటికి పంపరు, పైపులు నిల్వచేసే యార్డుకు మారుస్తారు. అక్కడ మనుషులుండరు. ఇనుప పైపులు, ఎండ, ఒక డబ్బాగది. గార్డుల మార్పిడి ఆపమని కూడా మేనేజర్‌ను అడిగాను. మొన్ననే కదా నువ్వే కావాలన్నావు, సంతకాలైపోయాయి అన్నాడు.

సి బ్లాకులో కాకా చివరి రోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి ఆయనకు యార్డు సంగతి చెప్పాను. “మంచిదే. పైపులకు ఫోన్లుండయి” అన్నాడు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది ఇడిసిపెట్టు. కాయిదం ఉన్నదా? రాస్కో. పన్నెండో రూమ్ల ఒకనికి షుగరున్నది, నైట్ డ్యూటీ జేసొచ్చి తినకుంట పంటడు, పదకొండు గొట్టంగ లేపాలె. రొండో అంతస్తు చివరి రూమోళ్ళ తలుపు గడియ పడది, బస్సు పొయినంక ఒకసారి గుంజి సూడాలె. ఇస్త్రీ బట్టలు ఇయ్యనీకొచ్చినా అని పైకి పోయెటోడు ఒకడున్నడు, ఎర్ర టోపీ. వాని చేతుల బట్టలుండయి. వాన్ని పోనియ్యకు.”

పోలీసు ఫిర్యాదుకు సరిపడే మాట అది ఒక్కటే. దాన్ని ఆయన మూడోదిగా, షుగరు తర్వాత చెప్పాడు. వారం రోజుల నా సర్వేలో ఒక్కసారి కూడా నేను ఆయన్ని ‘దొంగెవరై ఉంటాడు కాకా’ అని అడగలేదు. నాలుగు పేజీలు రాసుకున్నాను.

మర్నాడు కుర్చీ తీసేసిన చోట కొత్త గార్డు నిలబడి ఉన్నాడు. నేపాలీ మనిషి, మంచివాడు. పదిహేను రోజులుంటాడు. కాగితాలు తీసి, హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. షుగరు మనిషి దాకా శ్రద్ధగా విన్నాడు. ఆ తర్వాత గడియారం చూసుకున్నాడు.

“సార్, పాయింట్ మిస్ హో జాయేగా” అని, ట్యాగు తప్పిపోకుండా మిషన్ పట్టుకుని మూడో అంతస్తుకు మెట్లెక్కాడు. మెట్ల కింద కాగితాలతో నేనొక్కణ్ణే మిగిలాను. పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. పన్నెండో గది ఎటువైపో వెతుక్కుంటూ వెళ్ళాను.