మా ఇంటి పొగరు పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాదులో కళ్ళ డాక్టరుగారు ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా, చూపును పక్కల నుంచి తినేసుకుంటూ వచ్చే జబ్బు అది. తెలియదని రాశాను. కనుక్కోండి, మీకూ ఒత్తిడి కాస్త ఎక్కువగానే ఉంది, ఇంట్లో ఉందని తేలితే చుక్కలు వెంటనే మొదలుపెడదాం అన్నారాయన.

నాన్న పోయి పదేళ్ళు దాటింది. ఆయన వైపు మిగిలింది ఉప్పలగుప్తంలో ఉన్న మేనత్త ఒక్కతే. ఫోన్లో అడగొచ్చు. కానీ అడిగితే ఉందని చెప్పేస్తుందేమోనని భయం. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ నిజంగానే భయపడ్డాను. పోయే కంప తగిలించుకోకు అని తమ్ముడు సలహా ఇచ్చాడు. మా ఆవిడ సలహాలు ఇవ్వలేదు, శుక్రవారం బండికి టికెట్టు తీసింది.

రాజమండ్రిలో దిగాల్సినవాణ్ణి నిద్రపోయి కాకినాడలో లేచాను. ఉదయం ఆరున్నర. స్టేషను బయట పెసరట్టు ఉప్మా తిని, ఏడున్నరకి అమలాపురం బస్సెక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టండి. యానాం దాటాక వంతెన మీద నుంచి గోదావరి సముద్రం వైపు విచ్చుకుంటూ పోవడం చూడొచ్చు.

పక్క సీట్లో మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినాయన. నా పని ఏమిటో కండక్టరు టికెట్టు చించేలోపే రాబట్టేశాడు.

"మాకు వీసాకి ముందే ఒళ్ళంతా చూసేత్తారండీ. నాకు సుగరుందని మా ఆవిడ కంటే ముందు ఏజెంటుకి తెలిసిందండి, ఆయ్."

మరి తెలిశాక ఏం చేశారని అడిగాను. బిర్యానీ తగ్గించేనండి అని నవ్వి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని ముమ్మిడివరంలో దిగిపోయాడు.

పదింటికి అమలాపురం. ఉప్పలగుప్తం ఆటోలు పిలుస్తూనే ఉన్నాయి. నేను రెండు టీలు తాగి, వెనక్కి వెళ్ళే బస్సులు ఎన్నింటికో కూడా కనుక్కున్నాను. మూడో టీకి కడుపులో చోటు లేక ఆటో ఎక్కాను.

అత్త వాకిట్లో కొబ్బరి కోరుతోంది. చెప్పకుండా వచ్చాను కదా, ఆశ్చర్యపరుద్దామని మాట్లాడకుండా వెళ్ళి పక్కన నిలబడ్డాను. తల తిప్పలేదు. మా వంశానికి పొగరని ఊరంతా పేరు. మేనల్లుడి మీద కూడానా అనుకుని ఎదురుగా వెళ్ళేసరికి, చిప్ప వదిలేసి లేచి చేతులు పట్టుకుంది.

మావయ్యవి రొయ్యల చెరువులు, కాబట్టి కూర ఏమిటో చెప్పక్కర్లేదు. కూర దగ్గర అడుగుదామనుకున్నాను, పులుసులోకి వచ్చేశాం. పులుసు దగ్గర అనుకున్నాను, పెరుగన్నమూ అయిపోయింది. చేతులు కడుక్కున్నాక మావయ్య ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీశాడు. అత్త తల వెనక్కి వాల్చింది.

"ఏంటత్తా అది?"

"నీటికాసుల చుక్కలురా. మూడుపూట్లా ఎయ్యాలి."

ఊరగాయ జాడీ ఎక్కడుందో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నేను మంచం మీద కూర్చున్నాను.

ఆరేళ్ళ కిందట అమలాపురంలో డాక్టరు చెప్పారట. ఆయనకి చిన్నప్పటి సంగతులన్నీ చెబితే, మీ నాన్నగారికీ అన్నగారికీ కూడా ఇదే అయ్యుంటుందమ్మా అన్నారట. కోనసీమలో దండం పెడితే తిరిగి పెట్టనివాణ్ణి మూడు తరాలు చెప్పుకుంటారు. మా తాత వీధిలో పోతుంటే అరుగుల మీద వాళ్ళు దండాలు పెట్టేవారట, ఆయన తిన్నగా చూసుకుంటూ పోయేవాడట. నాన్నా అంతే. వాళ్ళది పొగరు కాదు, పక్కన మనిషి ఉన్నట్టే కనిపించేది కాదు.

ఆరేళ్ళుగా నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు పెరిగింది.

"మా చిన్నదాని పెళ్ళి మొన్న మాఘంలోనే కదరా అయ్యింది. పొగరున్న ఇంటి పిల్లని చేసుకుంటారు. కళ్ళు పోయే ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారు?"

అత్తే మళ్ళీ నెమ్మదిగా, తప్పేరా, నీకన్నా చెప్పాల్సింది అంది. అంటూనే, నీ కూతురికి సంబంధాలు చూస్తున్నారుగా, అది తేలేదాకా నువ్వూ బయటపెట్టకు అని సలహా పారేసింది. కోపం నిలుపుకుందామనుకున్నాను గానీ నవ్వొచ్చేసింది.

మూడున్నరకి రొయ్యల పచ్చడి సీసాతో బయలుదేరాను. అమలాపురం బస్టాండు నుంచి అమ్మాయికి ఫోను చేసి అంతా చెప్పాను. చెప్పకూడదన్న సలహా కూడా చెప్పాను. పొగరు కథకి పడీపడీ నవ్వింది.

"నాక్కూడా డాక్టరు దగ్గర టైము తీసుకోండి నాన్నా. సంబంధాలవాళ్ళకి నేనే చెప్తాను. వద్దనేవాళ్ళు ముందే వద్దంటే మంచిదేగా."

తిరుగు ప్రయాణం రావులపాలెం మీదుగా. అక్కణ్ణుంచి హైదరాబాదు బస్సులు దొరుకుతాయి. అయిదుంబావుకి కొత్తపేటలో బండి కాసేపు ఆగింది. నా చిన్నప్పుడు మేం ఉన్నది ఈ ఊళ్ళోనే. ఇంటరు చదువుతూ హాస్టలు నుంచి మొదటిసారి సెలవులకి వచ్చి, ఈ బస్టాండులోనే పెట్టె పట్టుకుని నిలబడ్డాను. నాన్న సైకిలు నడిపించుకుంటూ నా పక్కనుంచే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళిపోయారు. నేనూ పిలవలేదు. ఆ తండ్రి కొడుకునే కదా. ఇంటికి చేరాక, బస్టాండంతా వెతికానురా, ఎక్కడ దిగావు అని అడిగారు. అబద్ధమాడుతున్నారనుకున్నాను. ముప్పై మూడేళ్ళు అలాగే అనుకున్నాను.

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలాక కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను, సంతోషంగానే. నాన్న ఆ రోజు నా కోసం బస్టాండంతా వెతికారు.