వెనక సైకిలు మీద సద్ది

కాజీపేటలో ఉదయం ఆరున్నర రైలు ఎక్కబోతుండగా మా ఆవిడ సరోజ ఒక షరతు పెట్టింది.

"ఈసారి గూడ నన్ను ఇడిసిపెట్టి ముందుకు పోయినవనుకో, ఇంటికి రాంగనే ఆ సైకిల్ అమ్మేస్త. మళ్ల ఎన్నడు నన్ను రమ్మనకు."

సరేనన్నాను. ఒప్పుకోవడం నాకెప్పుడూ తేలికే.

ఆ షరతు ఎందుకు వచ్చిందో చెప్పకుండా ఈ ప్రయాణం గురించి రాయడం న్యాయం కాదు. నిరుడు ఆమెకు సైకిలు కొనిపించింది నేనే. మొదటి ఆదివారమే హన్మకొండ బయట సైకిళ్లు తొక్కే ఒక జట్టుతో వెళ్లాం. యాభై ఆరేళ్ల వయసులో పాతికేళ్ల పిల్లలతో సమానంగా తొక్కుతున్నానన్న సంబరంలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో ఆమె సైకిలు చైను ఊడింది. నా ఫోను సంచి అడుగున మోగుతూనే ఉందట. గంటకు పైగా ఎండలో సైకిలు నెట్టుకుంటూ వచ్చిన మనిషిని చూసి నేను అన్న మొదటి మాట, "ఎందుకింత లేటు?" ఆ రోజు నుంచి ఆమె సైకిలు బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

నిజం చెప్పాలంటే ఇది సైకిలుతో మొదలైన జబ్బు కాదు. పెళ్లిళ్లకైనా, కూరగాయల మార్కెట్‌కైనా నేను పది అడుగులు ముందే నడుస్తాను. ముప్పై ఏళ్లలో ఆమెకు నా వీపు తెలిసినంత బాగా నా ముఖం తెలియదేమో.

సిరొంచలో ఆరామ్ సైకిల్ మండలి అని ఒకటి ఉందని మా ఆఫీసు మిత్రుడు చెప్పాడు. అక్కడ బడిలో పని చేసి రిటైరైన రాజన్న సార్ దాన్ని నడుపుతారట. చలికాలం పొడుగునా నెలకో యాత్ర. పోటీ ఉండదు, వయసు అడగరు, సైకిలు లేకపోతే వాళ్లే ఇస్తారు. సరోజను ఒప్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

తొమ్మిదింటికి మంచిర్యాలలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, చెన్నూరు మీదుగా సిరొంచ వెళ్లే బస్సు పట్టుకున్నాం. చెన్నూరులో ఎక్కిన ఒక పెద్దావిడ మిరపకాయల మూట మా కాళ్ల దగ్గర సర్దుకుని, కూర్చోగానే మాట కలిపింది.

"ఎవల ఇంటికి పోతున్నరు బిడ్డా?"

"ఎవల ఇంటికి కాదమ్మా. సైకిల్ తొక్కనీకె పోతున్నం," అంది సరోజ.

"సైకిల్ తొక్కనీకె బస్సెక్కి అచ్చిండ్రా?" పెద్దావిడ నా వంక ఎగాదిగా చూసింది. "మీ ఊళ్లె రోడ్లు లెవ్వా?"

"ఈయన్నే అడుగు."

బస్సులో సగం మంది నవ్వారు. ప్రాణహిత వంతెన మీదికి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. కింద నీళ్లు పాయలుగా విడిపోయి ఇసుకలో మెరుస్తున్నాయి. వంతెన దాటగానే బోర్డుల మీద అక్షరాలు మరాఠీకి మారిపోతాయి గాని, బస్సు దిగాక "ఏడికి సార్?" అని అడిగిన ఆటో అబ్బాయి మాట మాత్రం చెన్నూరు మాటే.

లాడ్జిలో సామాన్లు పెట్టి, భోజనం చేసి, సాయంత్రం నాలుగింటికి రాజన్న సార్ ఇంటికి వెళ్లాం. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. వాకిట్లో పది సైకిళ్లు వరసగా ఉన్నాయి. సైకిలు కిరాయి, రెండు రోజుల తిండి, ఒక రాత్రి బస అన్నీ కలిపినా మా ఊళ్లో ఇద్దరం ఒక హోటల్ భోజనానికి పెట్టే ఖర్చు దాటలేదు.

వాకిట్లోనే పోశం పరిచయమయ్యాడు. నలభై ఏళ్లుంటాయి. గోదావరి ఒడ్డున వరి పండిస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. కుడి కాలిని పెడలుకు పటకాతో బిగించుకుని, ఒంటికాలితోనే తొక్కుతాడు. వచ్చిన ఐదు నిమిషాల్లో సరోజను "అక్కా" అని పిలిచాడు. దాంతో నేను బావనైపోయాను. బావను ఆట పట్టించే హక్కు కూడా అప్పుడే చేజిక్కించుకున్నాడు.

"జోరుగ తొక్కుతవట గదా బావా? ఇగ మాకు పరేషానే."

మర్నాడు ఉదయం ఏడింటికి బస్టాండు దగ్గర పోహా, చాయ అయ్యాక బయలుదేరాం. మొత్తం తొమ్మిది మందిమి. మొదటి రోజు అంకీస మీదుగా ఆసరెల్లి. రెండో రోజు అక్కణ్ణుంచి ఇంద్రావతి ఒడ్డున పాతగూడెం. రోజుకు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. నాలుగైదు కిలోమీటర్లకు ఒకసారి ఆగుతారు. ఇక తొక్కలేమనుకునేవాళ్లు అంకీసలో ఆగి, ఎస్టీ అనే అక్కడి సర్కారు బస్సులో తిరిగి రావచ్చు. ఆ రోజు ఇద్దరు అలాగే చేశారు. మిగిలినవాళ్లం బస్సు వచ్చేదాకా వాళ్లతోనే కూర్చుని బఠాణీలు నమిలాం.

బయలుదేరే ముందు రాజన్న సార్ ఒక పెద్ద గుడ్డసంచి పట్టుకొచ్చి, "ఇయ్యాల సద్ది ఎవరిది?" అని అడిగారు. సంచిలో మధ్యాహ్నం తినే జొన్నరొట్టెలు, వంకాయ కూర, నీళ్ల సీసాలు, గాలి పంపు, పంచరు డబ్బా అన్నీ ఉన్నాయి. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల సైకిలుకు దాన్ని కట్టడం ఆ మండలి పద్ధతి. సరోజ మొహమాటంగా చెయ్యెత్తింది.

నేను ఊరుకోలేదు. "నెమ్మదిగా తొక్కేవాళ్ల మీదనే బరువు పెడితే ఇంకా నెమ్మదవుతారు కదా సార్?"

"అదే కదా సార్ మతలబు," అన్నారాయన సంచి కట్టు బిగిస్తూ. "అక్క ఇంకింత మెల్లగైతది. మాకందరికి ఇంకింత ఆరామ్."

"ముందటికి ఉరికినోడు ఆకలితోని కూసుంటడు బావా. నీల్లు గూడ దొరకయ్," అన్నాడు పోశం.

మొదటి రోజంతా బుద్ధిగానే ఉన్నాను. వరి కోసిన మళ్లలో కొంగలు, రోడ్డు పక్కన ఆరబోసిన మిర్చి, చలికి దుప్పటి కప్పుకున్న మేకల కాపరులు, అన్నీ నెమ్మదిగా చూశాను. సద్ది విప్పేటప్పుడు అందరూ సరోజ చుట్టూ చేరారు. రొట్టెలు ఆమె చేత్తోనే పంచింది. ఆమె అంత దర్జాగా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. రాత్రికి ఆసరెల్లిలో రాజన్న సార్ శిష్యుడొకాయన ఇంట్లో చేపల పులుసు, వేడి అన్నం, ఎనిమిదింటికల్లా నిద్ర.

రెండో రోజు ఏడుంబావుకు కదిలాం. సద్ది మళ్లీ సరోజదే. పదకొండింటిలోపు ఒక వాగు వస్తుందని, దాని వంతెన పక్కన ఇప్పచెట్టు కింద తిందామని రాజన్న సార్ ముందే చెప్పారు. ఊరు దాటాక అడవి మొదలైంది. రెండు వైపులా టేకు చెట్లు, నున్నటి తారు రోడ్డు, కొద్దిగా దిగుడు. నేను సరోజ పక్కనే తొక్కుతున్నాను.

తొమ్మిదిన్నరకు వెనక నుంచి గంట మోగింది. పాత నల్ల సైకిలు మీద ఒక ముసలాయన, క్యారేజీ మీద ఆయన భార్య, ఆమె ఒళ్లో కొడవలి. నన్ను దాటుకుని అలవోకగా ముందుకు పోయారు. ఆయనకు నాకంటే పదేళ్లు ఎక్కువే ఉంటాయి. నాలో ఏదో పురుగు కదిలింది. "మలుపు దాకా పోయి వస్తా" అన్నాను. సరోజ బదులు కోసం ఆగలేదు.

మలుపు దాటాక ఇంకో మలుపు వచ్చింది. చివరికి ఆ ముసలాయనను అందుకుని, దాటాను. దాటుతుంటే క్యారేజీ మీది ముసలమ్మ నవ్వుతూ అడిగింది.

"ఏంది సార్, ఒక్కనివే పోతున్నవు? ఇంటామె ఏది?"

నవ్వి పెడలు ఇంకా గట్టిగా తొక్కాను. కాసేపటికి వెనక్కి చూస్తే వాళ్లు కాలిబాట పట్టి పొలంలోకి దిగిపోయారు. పోటీలో నేనొక్కణ్ణే మిగిలాను. అయినా కాళ్లు ఆగలేదు. పదింబావుకు ముందు టైరు బుస్సుమంది. చూస్తే తుమ్మ ముల్లు.

పంచరు డబ్బా సద్దిలో ఉంది. పంపు సద్దిలో ఉంది. నీళ్లు సద్దిలో ఉన్నాయి. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. కాసేపు మైలురాయి మీద కూర్చున్నాను. వాగు, వంతెన, ఇప్పచెట్టు ఎప్పుడు దాటానో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ముసలాయన వీపు తప్ప నేను ఇంకేమీ చూడలేదు. నిరుడు సరోజ ఇలాగే కూర్చుని ఉంటుందని అప్పుడు తట్టింది. ఆ పక్కనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. వాళ్లెలాగూ ఈ దారినే వస్తారు కదా, ఇక్కడే కూర్చుంటే సరిపోతుంది అని. కూర్చున్నవాణ్ణి లేచాను. ఆమె నాకోసం వచ్చేదాకా ఎదురు చూడడం కూడా నా పాత అలవాటే. సైకిలు వెనక్కి తిప్పి నెట్టడం మొదలుపెట్టాను.

గంటకు పైనే నడిచాను. నాలుక పిడచకట్టింది. రోడ్డు వచ్చేటప్పుడు దిగుడైతే పోయేటప్పుడు ఎక్కుడవుతుందన్న సంగతి కాళ్లకు తెలిసొచ్చింది. వాగు కనబడేసరికి పదకొండున్నర దాటింది.

ఇప్పచెట్టు కింద అందరూ కూర్చుని ఉన్నారు. గంట నుంచి అక్కడే ఉన్నారట. తిని, పడుకుని ఉంటారనుకున్నాను. దగ్గరికి వెళ్తే సద్ది సంచి సరోజ ఒళ్లో ఉంది. కట్టు కూడా విప్పలేదు.

"అచ్చినవా బావా!" పోశం లేచి దండం పెట్టాడు. "నీ పుణ్యాన ఇయ్యాల మాకు ఒక్కపొద్దు. మా అక్క నీల్లిచ్చింది గని, రొట్టె ముట్టనియ్యలే."

"మనిషి తక్కువున్నప్పుడు సద్ది ఇప్పరట గదా," అంది సరోజ.

"నేను నిన్ను లెంకపోత అన్న. అక్కనే వద్దన్నది," అన్నాడు పోశం.

"ఆకలైతే ఆయనే వస్తడన్న," అంది సరోజ. తర్వాత తలెత్తి నన్ను, నా టైరును, చెమటతో తడిసిన నా చొక్కాను తీరిగ్గా చూసింది. "ఎందుకింత లేటు?"

అక్షరం పొల్లుపోకుండా నా మాటే. మిగిలినవాళ్లు ఆ సంగతి తెలియక మామూలుగా చూస్తున్నారు. ఎప్పటిలాగే నెపం ముల్లు మీదా, రోడ్డు మీదా నెట్టడానికి నోరు సిద్ధమైంది. ఈసారి దాన్ని ఆపాను.

"తప్పు నాదే సరోజా. నిరుడు కూడా నాదే," అన్నాను, అందరి ముందూ. తర్వాత వాళ్లందరికీ నిరుటి కథ చెప్పాను, నా మొదటి మాటతో సహా.

పోశమే ముందు నవ్వాడు. "గంత మాట అన్నవా బావా? మా అక్క కాబట్టి ఇంక సద్ది కాపాయించింది. మా ఇంటామెనైతే రొట్టెలన్ని పశులకేస్తుండె."

సరోజ కూడా నవ్వింది. సంచి విప్పి ముందు నీళ్ల సీసా నాకిచ్చింది. రొట్టె మాత్రం అందరికీ వేశాక చివర్న వేసింది. క్షమించానని అనలేదు. సైకిలు అమ్మనని కూడా అనలేదు.

రాజన్న సార్ పంచరు వేశారు. పన్నెండున్నరకు కదిలి, ఆ మధ్యాహ్నమంతా నేను సరోజ వెనకే తొక్కాను. ముప్పై ఏళ్లలో ఆమె వెనక వెళ్లడం అదే మొదటిసారి. ఎదురొచ్చిన ప్రతి ఆవుకూ గంట కొడుతుంది. దిగుడు రాగానే పెడళ్లు ఆపి చిన్నపిల్లలా భుజాలు ఎగరేస్తుంది. ఏదో కూనిరాగం తీస్తుంది, నాకు వినిపించదనుకుని. ఇవన్నీ నాకు ఆ రోజే తెలిశాయి.

మూడింటికి పాతగూడెం చేరాం. ఊరు దాటగానే ఇంద్రావతి వంతెన, దాని అవతల ఛత్తీస్‌గఢ్. వంతెన మధ్యలో సైకిళ్లు ఆపి, రెయిలింగుకు ఆనుకుని చాలాసేపు నది చూశాం. కింద ఒక పడవ వాళ్లు గోండిలో పాడుకుంటూ వల లాగుతున్నారు. నాలుగున్నరకు సైకిళ్లను ట్రాలీ ఆటోలో కట్టేసి, మేము ఎస్టీ బస్సులో సిరొంచ తిరిగొచ్చాం.

రేపో మాపో వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సైకిలు బాగా రాకపోయినా ఫర్వాలేదు, ఆగి కూర్చోవడం వస్తే చాలు. స్వెట్టరు తప్పనిసరి. నాలాగా బాగా తొక్కగలనని నమ్మకం ఉన్నవాళ్లు ఆ నమ్మకాన్ని ఇంట్లో పెట్టి వెళ్లండి.

మర్నాడు పొద్దున బస్సుకు మంచిర్యాల వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద బండి సిద్ధంగా ఉంది. జనం ఉరుకుతున్నారు. రెండు సంచులూ భుజాన వేసుకుని నేను అలవాటు కొద్దీ ముందుకు దూసుకుపోయాను. నాలుగు బోగీలు దాటాక గుర్తొచ్చి ఆగి, వెనక్కి తిరిగాను. సరోజ దూరంగా నిలబడి తీరిగ్గా చెప్పు సర్దుకుంటోంది. ఆ చెప్పుకు ఏమీ కాలేదని ఆ దూరం నుంచే తెలుస్తోంది. వెనక్కి నడిచి ఆమె దగ్గరికి వెళ్లాను.

"బండి పోతది సరోజా."

"ఇంకోటి వస్తది."

స్టేషన్ బయట కొన్న పులిహోర పొట్లాలు, నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. "ఇగ సద్ది నీ దగ్గరనే ఉండని," అని ముందు నడిచింది. ఎదురుగా ఉన్న బోగీలోనే ఎక్కాం. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

రామగుండం దాటాక అడిగాను, సైకిలు అమ్ముతున్నావా అని. పులిహోర నములుతూ బయటికి చూసింది.

"ముందుగాల దాని మీది తువ్వాళ్లు తీసి గాలి కొట్టు. రెండు చక్రాలకు."