రాయ్‌పూర్ నుంచి అమ్మమ్మ ఊరు ఎంతసేపు?

మా చిన్నప్పుడు... రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి ఆంటీ గోడ మీంచి "ఫోన్ ఆయా హై!" అని కేకేస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాళ్లం. మాకు ఫోన్ లేదు. అమ్మమ్మ ఊరు విజయనగరం నుంచి ఏ కబురైనా ఆ ఇంటికే రావాలి.

ఆ మధ్యాహ్నమూ అలాగే పరిగెత్తాం. నేను అప్పుడు ఐదో తరగతి. అమ్మమ్మ పోయిందని మామయ్య చెప్పాడు. అమ్మ ఆ ఆంటీ వాళ్ల వంటింటి గడప మీదే కూలబడిపోయింది.

రిసీవర్ నాన్న తీసుకున్నారు. మామయ్య అడిగింది ఒక్కటే... "ఎప్పటిదాకా ఉంచమంటావు బావా?"

నాన్న రైల్వే గార్డు. రైల్వే అంటే ఆయనకు కన్నతల్లితో సమానం. ఏ ఊరు ఎంత దూరమని ఎవరడిగినా టైమ్ టేబుల్లో ఉన్న గంటలే చెప్పేవారు. బండి లేటవుతుందని ఒప్పుకోవడమంటే ఆయన దృష్టిలో ఇంటి గుట్టు బయట పెట్టుకోవడమే!

"ఫికర్ మత్ కరో బావా. బండి బిల్‌కుల్ రైట్ టైమ్. పొద్దున్న ఏడుకి దిగిపోతాం," అన్నారు.

"మజ్జాన్నం దాకా ఉంచమని సెప్పండి... ఆ బండి ఏనాడు టైముకెల్లింది?" అంది అమ్మ ఏడుస్తూనే. నాన్న వినిపించుకోలేదు. ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం బండెక్కాం. తెల్లారి విజయనగరంలో దిగాల్సిన వాళ్లం రాయగడకు ఇవతలే ఎక్కడో గూడ్సు బళ్లకు దారి ఇస్తూ ఆగిపోయాం. అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, ఏడు దాటింది... ఎనిమిది దాటింది... అనుకుంటూ కూర్చుంది. ఇంకాసేపు ఆగండని చెప్పడానికి చేతిలో సెల్‌ఫోన్ లేదు. నాన్న మాత్రం "డ్రైవర్ టైమ్ కవర్ చేసేస్తాడు" అంటూనే ఉన్నారు.

ఇల్లు చేరేసరికి పన్నెండు. వాకిలి కడిగేసి ఉంది. తొమ్మిదిన్నర దాకా చూశారట... ఎండాకాలం, ఏడుకే వస్తామన్నామని ఐసు కూడా తెప్పించలేదు, పెద్దవాళ్లు ఇక ఆగనివ్వలేదట. మామయ్య తడిబట్టలతో ఎదురొచ్చి, "ఏడుకొచ్చేస్తామన్నారు కదే సెల్లీ..." అన్నాడు. అమ్మ ఆ తడి వాకిట్లోనే కూర్చుండిపోయింది.

నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే. "మధ్యాహ్నం" అన్న ఒక్క మాట అనుంటే అమ్మ వాళ్లమ్మ ముఖం చూసుకునేది. రైలు పరువు నిలబెట్టడానికి అమ్మకు ఆఖరిచూపు లేకుండా చేశారు.

ఇన్నేళ్లకు రాయ్‌పూర్ నుంచి విశాఖకు నేరుగా విమానం వేశారు. ఫోన్లో చూస్తే ఆకాశమార్గాన నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు... గంటా పావు ప్రయాణం. రిటైరైన నాన్న శంకర్ నగర్‌లో ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్లి మరీ టికెట్లు చేయించుకొచ్చి, "గంటా పావే! ఈసారి విమానంలో వెళ్దాం," అన్నారు.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తలేదు.

"గంటలో ఎల్లి ఇప్పుడేటి సెయ్యమంటారు? నాకోసం ఆగీవోలు ఎవురున్నారక్కడ?"

నాన్న టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఊళ్లన్నీ దగ్గరైపోయాయని అందరూ సంబరపడుతున్నారు... పడనివ్వండి. మీలో ఎవరైనా ఇలా మనిషిని దారిలోనే పోగొట్టుకున్నారా? ఉంటే కింద రాయండి. ఎంతసేపట్లో ఆఖరిచూపు తప్పిపోయిందో కూడా రాయండి... మాది రెండున్నర గంటలు.